చల్లారిన బల్బు: ప్రొజెక్టర్ రూము డైరీ

నవంబరు 18

తెర మసకబారిందని మామయ్య ఫోను చేసి పది రోజులైంది. ఇవాళ వచ్చి ఫస్ట్ షో వెనక వరుసలో కూర్చుని చూశాను. రాత్రి సీను వస్తే హీరో ఎక్కడున్నాడో ముందు బెంచీల ఈలలను బట్టి తెలుసుకోవలసి వస్తోంది.

హాలు మామయ్య లీజుకు నడుపుతున్నది. గోదావరి ఒడ్డున చిన్న పట్టణం, ఒకటే తెర. పాత 35 ఎం.ఎం. ప్రొజెక్టర్లు రెండూ ఆపరేటర్ గది మూలన దుప్పటి కప్పుకుని ఉన్నాయి. ఇప్పుడు ఆడుతున్నది డిజిటల్ ప్రొజెక్టరు, దానిలో 2 కిలోవాట్ల జినాన్ బల్బు. షో అయ్యాక ఖాళీ తెల్ల తెర వేయించి మీటరు పెట్టాను. సినిమా తెర వెలుగుకు ప్రమాణం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు (వెలుగును కొలిచే కొలమానం). మధ్యలో 26 వచ్చింది. మూలల్లో ఎంత వచ్చిందో రాసుకోవడానికి మనసొప్పలేదు.

బల్బు గంటలు చూస్తే అసలు సంగతి బయటపడింది. తయారుచేసిన కంపెనీ హామీ 2,000 గంటలు. మీటరులో 2,860. హామీకి పైన మహా అయితే నాలుగో వంతు, అంతకుమించి వాడవద్దని మాన్యువల్ చెబుతుంది. ఇక్కడ దాదాపు సగం దాటిపోయింది. “వెలుగుతున్న బల్బును ఎవరైనా తీసి పారేస్తారా?” అన్నాడు మామయ్య. దాని ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది కాబట్టి ఆయన అడిగింది తప్పేమీ కాదు. బల్బు పేలితే దాని వెనక ఉన్న రిఫ్లెక్టర్ అద్దం కూడా పోతుందని, అది బల్బు కన్నా ఖరీదని చెప్పాక మాట్లాడలేదు.

సంక్రాంతి సినిమాలు వచ్చేలోగా గదిని దారిలో పెట్టాలి. పండగ వారంలో రోజుకు ఐదు ఆటలు పడతాయి, అప్పుడు దేన్నీ ముట్టుకోవడానికి వీలుండదు.

నవంబరు 19

ఈ గదిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్న పెద్దాయన ఉన్నారు. కార్బన్ల కాలం మనిషి. రాగి పూత వేసిన రెండు బొగ్గు కడ్డీల మధ్య ఆర్క్ (విద్యుత్ మంట) మండుతుంటే, కడ్డీలు అరుగుతున్న కొద్దీ మరలు తిప్పి దగ్గరికి జరుపుతూ, ఇరవై నిమిషాలకొకసారి రీలు మార్చి రెండో మిషనుకు దూకిన చేతులు అవి. కుడి మణికట్టు మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

బల్బు ఎలా మారుస్తారో చూపించమని అడిగాను. మిషను ఆపుతారు, కాసేపు ఆగుతారు, మూత తీస్తారు, చేత్తో పట్టుకుని తీస్తారు. గ్లౌజులు లేవు, ముఖానికి అడ్డం లేదు.

“చల్లారాక భయమేమిటి బాబూ? కాలితే కదా!”

ఆయన నేర్చిన విద్యలో ఇది అక్షరాలా నిజం. కార్బన్ కడ్డీ కాలుతుంది, చల్లారితే బొగ్గుముక్క. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకువెళ్లవచ్చు. జినాన్ బల్బు అలా కాదు. దాని క్వార్ట్జ్ (వేడికి తట్టుకునే గాజు) బుడ్డిలో జినాన్ వాయువును చల్లగా ఉన్నప్పుడే పది అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి పది రెట్లు, కుక్కి మూసేస్తారు. కారు టైరులో ఉండేది రెండు చిల్లర. వెలిగితే లోపలి ఒత్తిడి ముప్పై దాకా పోతుంది. చల్లారాక మళ్లీ పదికి దిగుతుంది, అంతే. సున్నాకు ఎప్పటికీ రాదు.

అట్మాస్ఫియర్లంటే ఆయనకు పట్టలేదు. అందుకని గోడ మీద సుద్దముక్కతో లెక్క వేశాను. బుడ్డి లోపలి వ్యాసం ఐదు సెంటీమీటర్లు అనుకుంటే నడిమి కోత వైశాల్యం సుమారు ఇరవై చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు పది కిలోల చొప్పున, ఆ గాజును రెండు చెక్కలుగా విడదీయాలని చూస్తున్న బలం దాదాపు 200 కిలోలు. ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే చల్లారిన బల్బులో రెండున్నర బస్తాలు, వెలుగుతున్న బల్బులో ఎనిమిది.

“రెండున్నర బస్తాలా?” అని బల్బు వైపు చూశారు. ఒప్పుకున్నట్టు కనిపించలేదు. ఇన్నేళ్లలో తన చేతిలో ఒక్కటీ పేలలేదన్నారు. నిజమే అయి ఉంటుంది.

నవంబరు 22

సామాన్ల వేట. రాజమండ్రి వెళ్లి వెల్డింగ్ సామాన్ల దుకాణాలు తిరిగాను. పాలీకార్బొనేట్ ఫేస్ షీల్డులు రెండు తెచ్చాను. గడ్డం కిందికి దిగి మెడను కూడా కప్పేవి కావాలని పట్టుబట్టాను. పేలుడులో గాజు ముక్కలు కళ్లకే తగులుతాయన్న రూలేమీ లేదు, మెడలో నరాలున్నాయి. కళ్లజోడు ఒక్కటీ చాలదు.

తోలు జాకెట్టు దొరికింది. గ్లౌజుల దగ్గర చిక్కు వచ్చింది. వెల్డింగ్ గ్లౌజులు వేసుకుంటే అలెన్ కీ చేతిలో ఉందో లేదో కూడా తెలియదు, మర బిగుతు అసలు అందదు. చివరికి మణికట్టు దాటి వచ్చే పలుచని తోలు గ్లౌజులు తీసుకున్నాను. లోపల శుభ్రమైన నూలు గ్లౌజులు కూడా వేసుకుందామనుకుని ఇంట్లో మర బిగించి చూస్తే మళ్లీ అదే మొద్దుతనం, కాబట్టి అవి మానుకున్నాను. అయితే తోలు కొత్తగా, నూనె అంటకుండా ఉండాలి. గ్యారేజీ పనికి వాడిన జత ఇక్కడ పనికిరాదు.

గదిలో సహాయానికి ఉన్న కుర్రాడు ఇదంతా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. “అన్నయ్యా, ఒక ఫోటో తీయవా?” అన్నాడు. తీశాను. ఈ గదిలో భద్రత మీద పుట్టిన మొదటి ఉత్సాహం అదే కాబట్టి కాదనలేదు.

నవంబరు 25

బల్బు కన్నా ముందు గాలి సంగతి చూడాలి. ల్యాంప్ హౌస్ (బల్బు ఉండే అర) నుంచి వేడి గాలిని లాగే ఎగ్జాస్ట్ గొట్టం మిద్దె మీదికి పోతుంది. పైకెక్కి చూస్తే మూతికి కట్టిన వల చిరిగి ఉంది, లోపల పావురాల గూడు. పుల్లలు, ఈకలు, ఒక ఐస్‌క్రీం పుల్ల, రెండు గుడ్లు. గుడ్లను జాగ్రత్తగా నీళ్ల ట్యాంకు కింద నీడలోకి మార్చాము. పావురం ఆ ఏర్పాటుకు ఒప్పుకోలేదు.

గొట్టం తుడిచి, కొత్త వల బిగించి, బ్లోయర్ వేసి చూస్తే కింద అట్టముక్కను గట్టిగా పట్టి లాగుతోంది. నిన్నటిదాకా కాగితాన్ని కూడా కదపలేదు. బల్బు చివర్ల లోహపు టోపీలు 230 డిగ్రీలు దాటకూడదు. దాటితే లోహం, క్వార్ట్జ్ కలిసే అతుకు దెబ్బతింటుంది. వాయువు నెమ్మదిగా కారిపోవచ్చు, లేదా ఒక్కసారిగా పోవచ్చు. ఎన్నాళ్లుగా ఈ బల్బు ఊపిరాడకుండా వెలుగుతోందో!

డిసెంబరు 3

ఇవాళే మార్చాము. మార్నింగ్ షో పదకొండుకు. ఏడింటికే గదిలో ఉన్నాము. రాత్రి సెకండ్ షో అయ్యాక బ్లోయర్ నిండా ఇరవై నిమిషాలు నడిపి ఆపమన్నాను, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మెయిన్ స్విచ్ దించి, దాని పిడికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. కింద క్యాంటీను వాళ్లు ఫ్రిజ్ పనిచేయలేదని వచ్చి స్విచ్ ఎత్తేసిన సందర్భం ఒకటి ఉందని కుర్రాడు చెప్పాడు. బల్బు వెలిగించేటప్పుడు ఇగ్నైటర్ ఇరవై, ముప్పై వేల వోల్టుల దెబ్బ కొడుతుంది. ఆర్క్ పట్టుకున్నాక నడిచేది పాతిక వోల్టుల చుట్టూనే, కాని కరెంటు 80 ఆంపియర్లు. ఆ రెండింటిలో దేని దారిలోనూ చెయ్యి ఉండకూడదు.

గదిలో పెద్దాయన, నేను. ఇద్దరికీ షీల్డు, జాకెట్టు, గ్లౌజులు. కుర్రాడిని తలుపు బయట నిలబెట్టాను. ఇద్దరి కన్నా ఎక్కువ మంది ఎందుకు?

మూత తెరవగానే బల్బు కనిపించింది. లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు నల్లగా ఉంది, పైభాగం మరీ నలుపు. పడుకోబెట్టి వెలిగించే బల్బులో వేడి పైకి లేస్తుంది కాబట్టి అలా అవుతుంది. మసి అంటున్నాను కాని అది తుడిస్తే పోయేది కాదు. బల్బు లోపలి ఎలక్ట్రోడ్ల (ఆర్క్ వెలిగే రెండు మొనల) టంగ్‌స్టన్ లోహం ఆవిరై లోపలి గోడకు అంటుకున్నది. వెలుగును ఆపడమే కాకుండా ఆ నలుపు వేడిని తాగుతుంది, గాజు ఇంకా కాగుతుంది. 26 క్యాండెలాల లెక్క అక్కడ తేలింది. (సగం జీవితం గడిచాక బల్బును సగం తిప్పి పెడితే నలుపు సమంగా పడుతుందని కొందరు చేస్తారు. నా మటుకు నేను చేయను. అంతలో మసకతనం ఎంత తగ్గుతుందో గాని, రెండున్నర బస్తాలను మరోసారి చేతుల్లోకి తీసుకోవలసి వస్తుంది.)

విప్పేముందే పాత బల్బుకు దాని ప్లాస్టిక్ తొడుగు వేయాలి. అదృష్టం కొద్దీ తొడుగు దాచి ఉంచారు. తొడుగు వేయబోతూ ఆగాను. బుడ్డి కింది భాగంలో నలుపు తక్కువ ఉన్నచోట, పాల మీగడ కట్టినట్టు తెల్లటి మచ్చ. టార్చి వేశాను. వేలిముద్ర. గీతలు కూడా తెలుస్తున్నాయి. చేతి జిడ్డు, ఉప్పు ఆ వేడికి క్వార్ట్జ్‌లోకి కాలి, అక్కడి గాజు స్ఫటికంలా మారి తెల్లబడింది. అలా మారిన చోట గాజు బలం పోతుంది.

బొటనవేలి ముద్ర అది. కోణాన్ని బట్టి చూస్తే ఎడమ చెయ్యి. పెద్దాయనది ఎడమచేతి వాటం. నేనేమీ అనలేదు. ఆయన తోలు గ్లౌజు లోపలున్న బొటనవేలిని మచ్చకు ఎదురుగా, తాకకుండా, ఒకసారి పెట్టి చూసుకున్నారు. “రెండువేల ఎనిమిదొందల గంటలు” అన్నారు. తర్వాత పని అయ్యేదాకా ఆయన షీల్డు పైకి ఎత్తలేదు.

విప్పడంలో సూత్రం ఒకటే: గాజు మీద మెలి పడకూడదు. చివర్ల లోహాన్నే పట్టుకోవాలి. క్లాంపు (చివరను పట్టి ఉంచే బిగింపు) మర వదులు చేసేటప్పుడు ఒక చెయ్యి అదే చివరను ఆపి పట్టుకోవాలి, లేకపోతే అలెన్ కీ తిప్పిన బలమంతా క్వార్ట్జ్‌కు పోతుంది. ముందు కేబులు ఉన్న చివర వదులు చేశాము, తర్వాత బల్బు బరువు చేతిలోకి తీసుకున్నాకే రెండోది. వెనకటి క్లాంపు కదలలేదు. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల్లో నా షీల్డు లోపల ఆవిరి పట్టి ఎదుటి మనిషి కూడా కనిపించలేదు. షీల్డు తీసి తుడుచుకోవాలన్న కోరిక అప్పుడు కలిగినంత బలంగా ఎప్పుడూ కలగలేదు. రెండు అడుగులు వెనక్కి వచ్చి, ఊపిరి పట్టి, ఆవిరి పోయేదాకా నిలబడ్డాను.

క్లాంపు ఎందుకు పట్టేసిందో తీశాక తెలిసింది. లోపలి ముఖం నీలంగా, గరుకుగా కాలి ఉంది. 80 ఆంపియర్ల దగ్గర ఓములో వందో వంతు నిరోధం ఉన్నా అక్కడ 64 వాట్ల వేడి పుడుతుంది. మంచి సోల్డరింగ్ ఐరన్‌ను బల్బు చివరకు ఎప్పుడూ ఆనించి ఉంచినట్టే. విడి క్లాంపు ఉంది కాబట్టి మార్చేశాను. లేకపోతే ఇవాళ పని ఆపేసేవాడిని. కాలిన క్లాంపుకు కొత్త బల్బు బిగించడమంటే కొత్త చెప్పులతో బురదలో దిగడమే.

కొత్త బల్బు. తొడుగు తీయకుండానే రెండు ఎలక్ట్రోడ్లను చూసి గుర్తు పెట్టుకున్నాము. లావుగా మొద్దులా ఉన్నది ఆనోడు (ప్లస్), పెన్సిలు మొనలా ఉన్నది కాథోడు (మైనస్). తిరగేసి బిగించి వెలిగిస్తే సన్నని మొన ఎలక్ట్రాన్ల తాకిడికి తట్టుకోలేదు, క్షణాల్లో బల్బు పాడవుతుంది. ఏ చివర ఎటు రావాలో ప్రొజెక్టరును బట్టి మారుతుంది, మా మాన్యువల్లోని బొమ్మను నేను చదివాను, పెద్దాయన చూసి సరే అన్నారు. బిగించి, కేబులుకు కాస్త వదులు ఉంచి (వేడికి బల్బు సాగుతుంది, కేబులు లాగి ఉంటే అతుకు మీద భారం), అప్పుడు తొడుగు తీశాము. ఎవరూ గాజును తాకలేదు. అయినా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు రాలని గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చాను.

మూతలన్నీ వేశాకే తాళం తీశాను. తొమ్మిదీ నలభైకి ‘టక్’ మని ఒకే దెబ్బకు వెలిగింది. పాతది మూడు నాలుగు దెబ్బలు తినేదట. కిటికీలోంచి చూసిన కుర్రాడు “పగలొచ్చింది” అని అరిచాడు. మాట సరిగానే పడింది. జినాన్ వెలుగు రంగు పగటి వెలుగుకు చాలా దగ్గర, రంగు కొలతలో సుమారు 6,000 కెల్విన్లు. కాని ఆ ఆర్క్‌ను నేరుగా కంటితో చూడకూడదు, మూత సందులోంచి కూడా.

డిసెంబరు 4

అమరిక. బల్బును పైకీ కిందికీ, పక్కలకూ, ముందుకూ వెనక్కీ జరిపే మరలు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పుతూ మీటరు చూస్తూ పోతే, మూడోసారికి మధ్యలో 51 వచ్చింది. కరెంటు తగ్గించి 48కి తెచ్చాను. కొత్త బల్బును తక్కువ కరెంటుతో మొదలుపెట్టి, మసకబారుతున్న కొద్దీ పెంచుకుంటూ పోవడం పద్ధతి. ఇంకొంచెం వెలుగు ఇమ్మని మామయ్య అడిగాడు. ఇవ్వలేదు.

రాత్రి ఆటలన్నీ అయ్యాక, చల్లారనిచ్చి, మళ్లీ అన్నీ తొడుక్కుని క్లాంపులు సరిచూశాను. వాటిలో ఒక క్లాంపు ఇంకో పావు చుట్టు బిగిసింది.

డిసెంబరు 9

స్టోరు గదిలో పాత పోస్టర్ల కట్టల వెనక పదకొండు బల్బులు బయటపడ్డాయి. ఏ కాలానివో తెలియదు. నాలుగింటికి తొడుగులు ఉన్నాయి. మిగతా ఏడూ గోనె సంచిలో ఒకదాని మీద ఒకటి, వంకాయల్లా. ఆ సంచిని ఎవరో కనీసం ఒకసారి ఈడ్చి ఉంటారు, నేల మీద గీత ఉంది.

బల్బులు అమ్మే దుకాణం తొడుగు ఉన్నవాటిని వెనక్కి తీసుకుంటానంది. తొడుగు లేనివి లారీలో ఎక్కించడం కుదరదు, ఇక్కడే ఒత్తిడి తీసేయాలి. జినాన్ విషం కాదు, గాలిలో ఉండేదే. వీటిలో పాదరసం కూడా లేదు. కాబట్టి బద్దలు కొట్టడమే మార్గం. అయితే కాథోడులో రేడియోధార్మికత ఉన్న థోరియం కొద్దిగా కలిపి ఉంటుంది కాబట్టి ఆ పొడి పీల్చకూడదు. ఆరుబయట, మాస్కుతో.

హాలు వెనక సైకిల్ స్టాండు, ఉదయం ఆరు గంటలకు. పూర్తి వేషంలో ఇద్దరం. ఒక్కో బల్బునూ సంచిలోంచి తీసి, మందపు టార్పాలిన్‌ను ఐదారు మడతలు చుట్టి, సిమెంటు గచ్చు మీద పెట్టి, పొడవు పిడి సమ్మెటతో ఒక దెబ్బ. మొదటిది నేను కొట్టాను. దీపావళి బాంబు శబ్దం కాదది. బరువైన తలుపును గాలి ఒక్కసారిగా మూసినట్టు, ఛాతీకి తగిలే శబ్దం. టార్పాలిన్ జానెడు ఎత్తు లేచి పడింది. విప్పి చూస్తే లోపలి రెండు మడతలు జల్లెడ.

పెద్దాయన దానిని చేతిలోకి తీసుకుని, చిల్లుల్లోంచి ఆకాశం చూసి, రెండోది తానే చుట్టారు. నాకన్నా మూడు మడతలు ఎక్కువ వేశారు. ఏడింటిలో ఒకటి మాత్రం పేలలేదు, చప్పుడు లేకుండా పగిలింది. అతుకు దగ్గర ఎప్పుడో కారిపోయి ఉంటుంది. టంగ్‌స్టన్ ముక్కలు చూడడానికి చిన్నవే గాని అరచేతిలో ఆశ్చర్యపోయేంత బరువు. వాటిని, గాజును విడివిడిగా మూత డబ్బాల్లో పెట్టి రాసి అంటించాము.

డిసెంబరు 13

ఈ పని సంగతి ఊళ్లో పాకింది. పక్క వీధి స్కూలు నుంచి కబురు: పాఠం చెబుతుండగా ప్రొజెక్టరు ‘ఢప్’ మని ఆగిపోయింది, సన్నగా పొగ. ఫోనులోనే చెప్పాను: పిల్లలను బయటికి పంపండి, కిటికీలు తీయండి, ఏసీ ఆపండి, అరగంట ఎవరూ లోపలికి వెళ్లవద్దు, చీపురు పెట్టవద్దు.

చిన్న ప్రొజెక్టరు బల్బు వేరే జాతి. 1995లో ఫిలిప్స్ తెచ్చిన రకం, వేలెడంత బుడ్డిలో పాదరసం ఆవిరి 200 అట్మాస్ఫియర్లు దాటి ఉంటుంది. జినాన్ లెక్కకు తలకిందులు: చల్లగా ఉంటే ఇందులో ఒత్తిడి లేదు, పాదరసం ద్రవంగా కూర్చుని ఉంటుంది, పేలే ప్రమాదం వెలుగుతున్నప్పుడే. పగిలితే మాత్రం గాజుతో పాటు పాదరసం ఆవిరి గదిలోకి వస్తుంది. చీపురు, వాక్యూమ్ క్లీనర్ దాన్ని ఇంకా చెదరగొడతాయి. గ్లౌజులతో పెద్ద ముక్కలను అట్టతో ఎత్తి, చూర్ణాన్ని అంటుకునే టేపుతో అద్ది, మూత సీసాలో వేశాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో పాదరసం దీపాలు కూడా ఉన్నాయి కాబట్టి సీసా పోవలసింది అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు, మునిసిపాలిటీ బండికి కాదు.

పెట్టె విప్పితే కారణం కనిపించింది. పాత ఫ్రేములో ఎవరో చవక బల్బును సిమెంటుతో అతికించి కొత్తదని అమ్మారు. రిఫ్లెక్టర్‌లో అది వంకరగా కూర్చుంది. గాలి వడపోత మీద సుద్దపొడి దుప్పటిలా ఉంది. ఫ్రేముతో సహా అసలు బల్బు తెప్పించుకోమని చెప్పి వచ్చాను.

డిసెంబరు 20

రిజిస్టరు మొదలైంది. దానికి రెండు రోజులు వాదన. నేను కంప్యూటర్లో పెడదామన్నాను, పెద్దాయన పుస్తకమే కావాలన్నారు. ఆయనే నెగ్గారు, అది మంచిదే అయింది. గీతలు ఆయనే గీశారు: తేదీ, బల్బు నంబరు, గంటలు, ఎన్నిసార్లు వెలిగింది, తెర మీద క్యాండెలాలు, గమనిక. వెలిగించిన ప్రతిసారీ కాథోడు మొన కొంచెం అరుగుతుంది కాబట్టి ఆటకూ ఆటకూ మధ్య ఆర్పి వెలిగించడం మానేశాము. ఖాళీ ఎక్కువ ఉంటేనే ఆర్పుతున్నాము. 2,000 అంకె దగ్గర ఎర్ర సిరాతో అడ్డగీత ముందే గీసి, కింద మామయ్య చేత సంతకం పెట్టించారు. కొత్త బల్బు డబ్బు ఇప్పటినుంచే నెలనెలా పక్కన పెట్టాలన్నది ఒప్పందం.

షీల్డులు, జాకెట్లు, గ్లౌజులు తలుపు పక్క కొక్కేలకు వేలాడుతున్నాయి. కుర్రాడు రేపటినుంచి పని నేర్చుకుంటాడు, ముందు పాడైన ఖాళీ బల్బు మీద.

నేను తిరిగి వెళ్లేముందు రిజిస్టరు తిరగేశాను. ఇవాళ్టి వరుస పెద్దాయన గుండ్రటి అక్షరాల్లో ఉంది. గంటలు 187. వెలిగించినది 43 సార్లు. తెర 48. గమనిక గడిలో: “వల మీద పావురం కూర్చుని చూస్తున్నది.”